కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా.. రీలు నుంచి మెమరీ కార్డు దాకా

హైదరాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో నిజామాబాద్ బస్సెక్కితే మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, భిక్కనూరు దాటాక కామారెడ్డి వస్తుంది. చాలామందికి అది హైవే మీద టీ తాగడానికి ఆగే ఊరు. బెల్లం వ్యాపారులకైతే బెల్లం మార్కెట్టు. అక్కడ హైవే వదిలేసి ఎల్లారెడ్డి బస్సెక్కితే మాత్రం ఊళ్ళూ, దృశ్యాలూ వేరుగా ఉంటాయి. ఒకవైపు రాళ్ళ గుట్టలు, ఇంకోవైపు టేకు చెట్ల అడవి, మధ్యలో చెరువులు, వాటి కింద వరి, మక్క, చెరుకు. లింగంపేట దాటి ఎల్లారెడ్డి చేరేసరికి గంట దాటుతుంది. అక్కడి నుంచి ఒక దారి నిజాంసాగర్‌కు, ఇంకో దారి పోచారం మీదుగా మెదక్‌కు వెళ్తుంది.

2012 నాటికి ఈ దారిలో నేను ఆరేళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. మా చిన్నమ్మ వాళ్ళది ఎల్లారెడ్డి దగ్గర పల్లె కాబట్టి ఉండడానికి ఇల్లుంది, తినడానికి జొన్నరొట్టె ఉంది. మొదటి నాలుగేళ్ళు రీలు కెమెరాతో తీశాను, రెండేళ్ళ నుంచి డిజిటల్ ఎస్ఎల్ఆర్‌తో తీస్తున్నాను. దారి అదే, చెరువులు అవే, మనుషులు కూడా దాదాపు వాళ్ళే. మారింది కెమెరా ఒక్కటే. అందుకే రెండింటినీ పోల్చడానికి నాకింతకంటే మంచి చోటు లేదు.

2012 జనవరిలో కొడక్ కంపెనీ దివాలా రక్షణ కోసం అమెరికా కోర్టుకు వెళ్ళిందన్న వార్త వచ్చినప్పుడు ఆఫీసులో మిత్రులు, "ఇక మీ రీళ్ళ కథ అయిపోయినట్టే కదా?" అన్నారు. తమాషా ఏమిటంటే ప్రపంచంలో మొదటి డిజిటల్ కెమెరా తయారైంది ఆ కొడక్‌లోనే. 1975లో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు చేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకండ్లు. ఆ బొమ్మలో చుక్కలు పదివేలే. ఇప్పుడు నా చేతిలో ఉన్న కెమెరాలో కోటీ ఇరవై లక్షల పైన ఉన్నాయి.

రీలు మంచిదా, డిజిటల్ మంచిదా అని అడిగేవాళ్ళకు నేను చుక్కల లెక్క చెప్పడం మానేశాను. ఎల్లారెడ్డి దారిలో నాకు తెలిసొచ్చిన తేడా వేరే ఉంది.

ముప్పై ఆరు సార్లే

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ ఎఫ్ఎం10 కొన్నాను. దానికి 35-70 జూమ్ లెన్సు. ఆటోఫోకస్ లేదు, మోటారు లేదు, ప్రతి ఫోటోకూ బొటనవేలితో లివర్ తిప్పి రీలు ముందుకు జరపాలి. రెండు గుండీ బ్యాటరీలు ఉంటాయి కానీ అవి వెలుగు కొలిచే మీటరుకే. అవి అయిపోయినా కెమెరా ఆగదు.

రీలు కొని, కడిగించి, పోస్టుకార్డు సైజు ప్రింట్లు తీయిస్తే అన్నీ కలిపి మూడొందల దాకా అయ్యేది. అంటే ఒక్క నొక్కుకు ఎనిమిది రూపాయల పైమాట. ఆ లెక్క వేలికి తెలుసు. చూసిందల్లా నొక్కనివ్వదు.

నిజాంసాగర్ దగ్గర ఒక పొద్దుటి పూటంతా ఉండి తొమ్మిది ఫోటోలే తీసిన రోజులున్నాయి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన డ్యామ్ అది. ఏడో నిజాం కాలంలో చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో రాతితో కట్టారు. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవు. కట్ట మీద నడుస్తుంటే ఒకవైపు అవతలి ఒడ్డు కనపడని నీళ్ళు, ఇంకోవైపు కాలువల కింద పచ్చని పొలాలు. ఇంత పెద్ద దృశ్యాన్ని 36 మిల్లీమీటర్ల ఫిల్ము ముక్కలో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికే గంట పట్టేది. ఆ గంటలో చేపలు పట్టేవాళ్ళతో మాట కలిసేది, ఎవరో బీడీ ముట్టించుకుని పక్కన కూర్చునేవారు. వేరే పని లేక మనుషులు పరిచయమయ్యేవారు.

తీసిన ఫోటో ఎలా వచ్చిందో చూసుకునే వీలు లేదు. అందుకే ఫోటో దిగినవాళ్ళు తప్పకుండా అడిగే మాట ఒకటుండేది. "ఎప్పుడిస్తవ్ సారూ?" నేను చెప్పే జవాబూ ఒక్కటే. "మళ్ళొచ్చినప్పుడు తెస్తా." అది మర్యాద మాట కాదు. ప్రింటు చేతిలో పెట్టేదాకా వాళ్ళు ఫోటో దిగినట్టు కాదు, నేను తీసినట్టూ కాదు. కడిగిస్తే ఎలాగూ ప్రింట్లు వస్తాయి, ఇంకో సెట్టు వేయించి పట్టుకెళ్ళేవాణ్ణి. అలా ప్రతి ప్రయాణం ఇంకో ప్రయాణాన్ని వెంటబెట్టుకుని వచ్చేది.

కామారెడ్డి స్టూడియోలో

రీళ్ళు మొదట కామారెడ్డిలోనే కడిగించేవాణ్ణి. బస్సు మారేలోపు ఇచ్చి, ఆదివారం తిరిగొచ్చేటప్పుడు తీసుకోవచ్చు. ఆ స్టూడియో అన్నకు నా రీళ్ళు చూస్తే నవ్వు. "పెళ్ళి లేదు, పేరంటం లేదు. గొడ్లు, గుట్టలు, ముసలోళ్ళు! గీటికి పైసలు పెడతవా తమ్మీ?"

2009 తర్వాత ఆయన దగ్గర రీళ్ళు తగ్గుతూ వచ్చాయి. పెళ్ళిళ్ళకు డిజిటల్ కెమెరాలు, కరిజ్మా ఆల్బమ్‌లు వచ్చాయి. నెగిటివ్ కడగడంలో ఒక చిక్కుంది. కలర్ రీలు కడిగే రసాయనాలు 38 డిగ్రీల వేడి దగ్గర ఉండాలి. రోజూ కొన్ని రీళ్ళు పడుతుంటేనే పాత రసాయనం పోయి కొత్తది కలుస్తూ తాజాగా ఉంటుంది. రీళ్ళు రాకపోతే తొట్లో ఉన్నది ఊరికే పాడైపోతుంది. అలాంటి దాంట్లో కడిగితే రంగులు మారిపోతాయి. అందుకని మొదట వారానికి రెండు రోజులన్నారు, తర్వాత ఒక్కరోజన్నారు, ఆ తర్వాత "హైదరాబాదు పంపుతం, పది రోజులైతది" అన్నారు. రీలు ఫ్యాక్టరీలో కంటే ముందు చిన్న ఊళ్ళ స్టూడియోల్లో పోయింది. నేను డిజిటల్‌కు మారడానికి మొదటి కారణం అదే. మోజు తర్వాతి సంగతి.

పాత లెన్సు, కొత్త కెమెరా

2010లో నికాన్ డి90 తీసుకున్నాను. జీతంలో మిగిలిన డబ్బులు బాడీకే సరిపోయాయి కాబట్టి పాత లెన్సే దానికి తగిలించాను. లెన్సు చక్కగా కూర్చుంటుంది కానీ ఆ తరం లెన్సుతో ఈ బాడీలో మీటరు పనిచేయదు. వెలుగు ఎంతుందో మనమే అంచనా వేసుకోవాలి.

రీలు నేర్పిన చదువు ఇక్కడ పనికొచ్చింది. ఎండ బాగా ఉంటే ఎపర్చర్ ఎఫ్16 పెట్టు, ఐఎస్ఓ ఎంతో షట్టర్ వేగం అందులో ఒకటో వంతు పెట్టు. ఐఎస్ఓ 200 అయితే సెకనులో రెండు వందలో వంతు. మబ్బు పడితే ఎఫ్8. చెట్టు నీడలో ఎఫ్5.6, ఇంకా చీకటైతే ఆ పైన. ఇదే సూత్రంతో ఎనిమిది నెలలు గడిపాను. ప్రతి ఫోటో తర్వాత వెనక తెర మీద హిస్టోగ్రామ్ చూసి సరిచేసుకునేవాణ్ణి. రీలుతో పది రోజులకు తెలిసే సంగతి ఇప్పుడు రెండు సెకండ్లలో తెలుస్తోంది. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి గురువు ఉండడు.

కొత్తగా నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి. డి90 సెన్సర్ రీలు గడి కంటే చిన్నది. అందుకని అదే లెన్సు ఒకటిన్నర రెట్లు దగ్గరగా చూపిస్తుంది. 35 కాస్తా 52 అయినట్టు. పొలంలో పర్వాలేదు. ఎల్లారెడ్డి పక్క పల్లెల్లోని చిన్న ఇళ్ళలో మాత్రం ఇంకో అడుగు వెనక్కి జరగబోతే వీపుకు గోడ తగిలేది.

ఇంకో సంగతి తెలుపు రంగు. నాట్లు వేసిన పొలంలో కొంగలు వాలి ఉంటాయి. ముదురు పచ్చని నేలకు సరిపడా వెలుతురు ఇస్తే కొంగ ఈకలు తెల్లగా మండిపోతాయి. కలర్ నెగిటివ్‌లో అయితే వెలుతురు కాస్త ఎక్కువైనా ప్రింటు వేసేటప్పుడు ఈకల గీతలు వెనక్కి తెచ్చుకోవచ్చు. డిజిటల్‌లో ఒకసారి తెల్లగా నిండిపోయిన చోట ఇక ఏమీ మిగలదు. అక్కడున్నది కాగితం తెలుపే. కాబట్టి రీలు మీద నీడను చూసి వెలుతురు ఇవ్వాలి, డిజిటల్‌లో తెలుపును చూసి ఇవ్వాలి. చేతి అలవాటు తిరగేసుకోవాల్సి వచ్చింది.

దీన్ని పరీక్షించుకోవాలంటే లింగంపేటలో నాగన్న బావిని మించింది లేదు. నేలలోకి మెట్లు మెట్లుగా దిగే పాత రాతి బావి. అప్పట్లో రాళ్ళ సందుల్లో పిచ్చిమొక్కలు లేచి ఉండేవి కానీ కట్టడం చెక్కుచెదరలేదు. పైన ఆకాశం కళ్ళు చెదిరేంత, అడుగున నీళ్ళ దగ్గర కాటుక చీకటి. మిట్టమధ్యాహ్నం ఈ రెండూ ఒక్క ఫ్రేములో పట్టవు. పొద్దున్నే ఎండ పై మెట్ల మీద పడకముందు వెళ్తే పడతాయి. కెమెరా మారినా సూర్యుడి టైమ్‌టేబుల్ మారలేదన్నమాట.

"గిది నీ డబ్బలనే ఉంటదా?"

డిజిటల్ ఇచ్చిన అసలు వరం చీకట్లో చూడగలగడం. ఇది చెప్పాలంటే బీడీల గురించి చెప్పాలి.

అప్పటి నిజామాబాద్ జిల్లాలో ఆడవాళ్ళ చేతుల్లో చాట కనపడని వాడ అరుదు. ఒళ్ళో చాట, అందులో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారం. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు తమ పని తాము చేసుకుపోతుంటాయి. కూలి వెయ్యి బీడీల లెక్కన. పనంతా ఇంట్లో, గడప దగ్గర పడే ఆ కాస్త వెలుతురులో. రీలు రోజుల్లో నా దగ్గరుండేది ఐఎస్ఓ 200. ఆ వెలుతురుకు సెకనులో నాలుగో వంతు సేపు షట్టర్ తెరిచి ఉంచాలి. అంతసేపు కదలకుండా ఉండే చెయ్యి నాది కాదు, కదలకుండా ఉండే వేళ్ళు బీడీలు చుట్టేవాళ్ళవీ కాదు. ఫ్లాష్ వేస్తే ఆ ఇంటి వెలుతురే పోతుంది. అందుకని వాళ్ళను బయట ఎండలోకి పిలిచేవాణ్ణి. బయటికి రాగానే చాట పక్కన పెట్టేసి, కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడేవాళ్ళు. ఫోటోలో మనిషి ఉండేది కానీ పని ఉండేది కాదు.

డి90తో ఐఎస్ఓ 1600 పెట్టాను. అదే గడప, అదే వెలుతురు, సెకనులో ముప్పయ్యో వంతు చాలు. మొదటిసారి ఇంటి లోపల కూర్చుని, వాళ్ళు పని ఆపకుండానే తీశాను. గడప వెలుగు చాట మీద పడి అక్కడి నుంచి మొహం మీదికి ఎగిరింది. నాలుగేళ్ళుగా కళ్ళతో చూస్తున్నది మొదటిసారి ఫోటోలో కనిపించింది.

ఆ ఇంట్లో అవ్వకు అరవై దాటుంటాయి. కెమెరా వెనక తెర మీద చూపించాను. కళ్ళు చికిలించి చూసింది, నవ్వింది, కోడల్ని పిలిచి చూపించింది. తర్వాత అడిగింది. "మంచిగున్నది బిడ్డా. గిది నీ డబ్బలనే ఉంటదా? మాకియ్యవా?"

ఆమె కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. ఈ పల్లెల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నట్టే. అప్పట్లో ఫోన్లో మాట వినిపించేది, మొహం కనపడేది కాదు. ఇంటి నుంచి ఎవరైనా గల్ఫ్ వెళ్తుంటే పచ్చళ్ళతో పాటు ఫోటోలూ పంపేవారు. "పోరడు మూడేండ్లాయె పోయి. చిన్నదాన్ని సూడనే లేడు." ఆ చిన్నది అప్పుడు చాట పక్కనే ఆకులు చిమ్ముతూ ఆడుకుంటోంది. ఫోటోలో ఉంది.

నాకు తేడా తెలిసింది ఆ మాటతో. తెర మీద చూపించగానే ఫోటో అయిపోయినట్టు నాకు అనిపిస్తుంది, వాళ్ళకు కూడా కొంత అలాగే అనిపిస్తుంది. "ఎప్పుడిస్తవ్?" అని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. చూపించు అంటారు, చూస్తారు, నవ్వుతారు, వెళ్ళిపోతారు. తీసిన ప్రతిదానికీ ప్రింటు అడ్డు రాదు కాబట్టి నేనూ రోజుకు నాలుగొందలు తీయొచ్చు. నొక్కుకు ఖర్చు లేదు. కానీ మళ్ళీ రావడానికి కారణమూ లేదు. రీలు ఆ కారణాన్ని ధరలోనే కలిపి అమ్మేది. డిజిటల్‌తో దాన్ని మనమే పెట్టుకోవాలి.

మన భాష ఈ విషయంలో తెలివైంది. మనం ఫోటో తీస్తాం, వాళ్ళు ఫోటో దిగుతారు. రెండూ క్రియలే. దిగడం కూడా ఒక పనే. ఆ పని చేసినవాళ్ళకు అందులో వాటా ఉంటుంది.

అవ్వ ఫోటో మరుసటి నెలలో ఇచ్చాను. కామారెడ్డిలో అదే స్టూడియో అన్న దగ్గర రెండు కాపీలు వేయించాను. ఆయనిప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని మెమరీ కార్డుల నుంచే ప్రింట్లు వేస్తున్నాడు. ఒకటి గోడకు, దేవుడి పటాల పక్కన. ఇంకొకటి దుబాయ్ వెళ్తున్న పక్కింటాయన సూట్‌కేసులో.

నెగిటివ్ కవరు మీద రాసింది

2011లో సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో ఆ వైపు వెళ్ళలేకపోయాను. నలభై రెండు రోజులు రాకపోకలు సరిగా లేవు. సమ్మె అయిపోయాక చిన్నమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ ఊరి చెరువుకు నీరడిగా ఉన్న పెద్దాయన పోయాడని, దినాలకు ఫోటో కావాలని, ఆయన ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదని. గుర్తింపు కార్డు మీదున్న గోరంత ఫోటో తప్ప.

ఆయన్ను నేను 2007లో తీశాను. తూము దగ్గర, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో పార. నా నెగిటివ్‌లన్నీ కవర్లలో ఉన్నాయి, ఒక్కో కవరు మీద ఊరు, నెల, ఎవరెవరున్నారో పెన్నుతో రాసి ఉంది. పది నిమిషాల్లో దొరికింది. స్కాన్ చేయించి, పెద్ద సైజు ప్రింటు వేయించి పంపాను. దానికి దండ వేశారు.

అదే ఆయన్ను డి90తో కూడా రెండుసార్లు తీశాను. కంప్యూటరులో పదకొండు వేల ఫైళ్ళున్నాయి, అన్నిటికీ డీఎస్సీ అని మొదలై నంబర్లతో ముగిసే పేర్లు. అవి వెతకడానికి ఒక రాత్రి పట్టింది. దొరికిన వాటిలో ఒకటి మరీ బాగుంది. మత్తడి దూకుతుంటే చూస్తూ నిలబడ్డాడు. అది వాళ్ళ కొడుక్కి ఇచ్చాను.

ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు పలకల నెగిటివ్‌లు రెండు వేల పైచిలుకు ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. గాజు పలక వెలుగుకు పట్టుకుంటే చాలు, బొమ్మ కనపడుతుంది. నా ఫైళ్ళు కనపడాలంటే కరెంటు, కంప్యూటరు, ఆ ఫార్మాట్ చదివే సాఫ్ట్‌వేరు, పాడవని డిస్కు అన్నీ ఒకేసారి ఉండాలి. సాఫ్ట్‌వేరు వాణ్ణి కాబట్టి చెప్తున్నాను, అవన్నీ వందేళ్ళు కలిసి ఉంటాయని నేను పందెం కాయను. రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీలు పెడుతున్నాను, ఫోల్డరు పేర్లలో ఊరు, నెల, మనుషుల పేర్లు రాస్తున్నాను. అన్నిటికంటే గట్టి బ్యాకప్ మాత్రం ఆ పల్లె గోడల మీదున్న ప్రింట్లే అని నా నమ్మకం.

మీరూ వెళ్ళాలనుకుంటే

సెప్టెంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. వానలు బాగా పడితే పోచారం మత్తడి చూసి తీరాలి. మంజీరలో కలిసే వాగు మీద 1922లో పూర్తయిన చెరువు అది, చుట్టూ అభయారణ్యం. చలికాలం పక్షులు వస్తాయి, పొడుగు లెన్సు ఉంటే పట్టుకెళ్ళండి. బతుకమ్మ పండగ రోజుల్లో దారి పొడవునా తంగేడు పూసి ఉంటుంది. ఆ పసుపు డిజిటల్‌లో తొందరగా మండిపోతుంది, వెలుతురు అరస్టాపు తగ్గించి తీయండి. కామారెడ్డి దగ్గరే దోమకొండ గడికోట, అందులో మహాదేవుడి గుడి ఉన్నాయి. సాయంత్రం వెలుగులో ఆ రాళ్ళు బాగుంటాయి. బ్యాటరీ ఇంకోటి పెట్టుకోండి.

మనుషుల్ని తీస్తే మాత్రం పేరు, ఊరు, ఇంటి గుర్తు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నాలుగొందలు తీసినా పర్వాలేదు, ఇవ్వాల్సినవి పదో పన్నెండో తేలతాయి. వాటిని ప్రింటు వేయించండి. 2012లో ఒక ప్రింటు ఖరీదు బస్టాండులో టీ ఖరీదుకు అటూ ఇటూగానే ఉండేది.

దసరాకు వెళ్తున్నాను. నా సంచిలో ప్రస్తుతం ఇరవై మూడు కవర్లున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటి గుర్తు. వేపచెట్టు ఇల్లు, కిరాణా వెనక ఇల్లు, పోచమ్మ గుడి పక్క సందు. అవి పంచడానికే ఒక రోజు పడుతుంది. పంచుతున్నప్పుడు కొత్తవాళ్ళు ఎలాగూ ఫోటో దిగుతారు.